ఎత్తిన చోటే దించవలెను

మా ఆఫీసులో జరిగినదానికంతటికీ నేనే కారణమని జిల్లా అంతా చెప్పుకుంటున్నారు. చెప్పుకోనివ్వండి. నేను చేసిందల్లా రెండు సర్క్యులర్లను కలపడం. కలపమన్నారు, కలిపాను. కలపనని ఉంటే దానికి వేరే మెమో వచ్చేది.

మాది జిల్లా లేఖన సామగ్రి సరఫరా కార్యాలయం. విజయనగరం వైపు ఓ ఊళ్లో ఉంది. బళ్లకీ ఆఫీసులకీ కావలసిన కాయితాలు, రిజిస్టర్లు, గుండుసూదులు, పరీక్షల జవాబు పుస్తకాలు అన్నీ మా గోదాము నుంచే వెళ్లాలి. నా పేరు ఉమాకాంతం, సీనియర్ అసిస్టెంటుని. మా అధికారి అసిస్టెంట్ డైరెక్టరు చక్రధరరావు గారు. గోదాములో కట్టలు మోసేవాడు పైడయ్య. ఇంకా పదిమంది ఉన్నారు గానీ, వాళ్ల పేర్లు చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. వాళ్లవల్ల మాకు ఒరిగిందీ లేదు.

జనవరిలో మా డైరెక్టరేటు నుంచి మొదటి సర్క్యులర్ వచ్చింది. ఉద్యోగులు బద్ధకస్తులైపోయారట. అందుచేత 'వజ్రకాయ' అనే అరవై రోజుల తీవ్ర వ్యాయామం ప్రతి ఉద్యోగీ తన ఇంటి వద్దనే చేసి, తెల్లారి ఆరులోపు వీడియో పంపవలెను. గంతులు, గుంజీళ్లు, నేలమీద పడి లేవడాలు. ఆదివారం విశ్రాంతి. అది చదివి ఇంకా నోరు మూసుకోకముందే రాజధానిలోని ఇంకో పెద్ద ఆఫీసు నుంచి రెండోది దిగింది. దాని పేరు 'ఉక్కుపిడికిలి', తొంభై రోజులు. ఇది కూడా ఇంటి దగ్గరే. పుషప్పులు, బరువులు ఎత్తడం. బుధవారం విశ్రాంతి. 'బరువులు లేనివారు గృహమందు లభ్యమగు ఏదేని బరువైన వస్తువును వినియోగించుకొనవచ్చును' అని కింద చిన్న అక్షరాల్లో దయతలిచారు.

చక్రధరరావు గారు నన్ను పిలిచారు. ఆయనకి మనం మాట్లాడుకునే తెలుగు రాదు. భార్యని మంచినీళ్లు అడిగినా 'తగు చర్య నిమిత్తం' అంటారని వినికిడి.

"ఉమాకాంతం గారూ! సదరు రెండు ఉత్తర్వులూ పై నుంచే వచ్చాయి. ఒకదాన్ని అమలుపరచి మరొకదాన్ని ఉపేక్షించడం పరిపాలనాపరంగా అసాధ్యం. ఉభయ కార్యక్రమాలకూ సమన్వయ పట్టిక రూపొందించండి."

"రెండూ చేస్తే మనుషులు మిగలరండి," అన్నాను.

"ఆ అంశం ఉత్తర్వుల పరిధిలో లేదు."

సరే, కూర్చున్నాను. వ్యాయామాలు కలపడం నాకేం తెలుసు? నాకు తెలిసింది సీనియారిటీ లిస్టులు కలపడం. రెండు శాఖలు విలీనమైతే ఏం చేస్తాం? ఇటు నుంచి ఒక పేరు, అటు నుంచి ఒక పేరు, మళ్లీ ఇటు నుంచి ఒకటి. అన్యాయం జరిగిందని ఏ సంఘమూ కోర్టుకెళ్లదు. ఆ పద్ధతే ఇక్కడా వాడాను. ఒక గంతు, ఒక పుషప్పు. ఒక గుంజీ, ఒక బరువు. వజ్రకాయలో ఆదివారం ఖాళీగా కనిపిస్తే అందులో ఉక్కుపిడికిలి వారి 'మహా ఆదివారం' పెట్టాను. ఉక్కుపిడికిలిలో బుధవారం ఖాళీ, అందులో వజ్రకాయ వారి 'ప్రళయ బుధవారం' పెట్టాను. పట్టికలో ఒక్క గడి ఖాళీ లేదు. అడ్డం కూడినా నిలువు కూడినా మొత్తం సరిపోయింది. అలా సరిపోయిన పట్టికను చూస్తే నాకు ఎంత తృప్తి కలుగుతుందో మీకు చెప్పినా అర్థం కాదు. అందులో మనిషి పడుకోవడానికి ఒక్క రోజూ లేదన్న సంగతి నాకు తట్టనేలేదు.

మర్నాడు తెల్లవారుజామున పెరట్లో రుబ్బురోలు పొత్రం ఎత్తి దించుతుంటే మా ఆవిడ విశాలాక్షి కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడింది.

"మొన్న బియ్యం బస్తా లోపల పెట్టమంటే నడుం పట్టేసిందన్నారు?"

"అది ఇంటిపని. ఇది ప్రభుత్వపని."

"అయితే ఆ బస్తానే ఎత్తి లోపల పెట్టండి. ప్రభుత్వానికి వీడియో నేను తీస్తాను."

"లోపల పెడితే లెక్కలోకి రాదే! పదిసార్లు ఎత్తి, పదిసార్లూ కింద పెట్టాలి," అన్నాను. ఆవిడ కాఫీ తనే తాగేసి లోపలికి వెళ్లిపోయింది.

మూడు వారాలు గడిచాయి. ఆఫీసు మెట్లు ఎక్కేటప్పుడు ఒకరినొకరం పట్టుకునేవాళ్లం. ఇదివరకు అంత సఖ్యత మాలో ఎన్నడూ లేదు. టైపిస్టు కుర్చీలో కూర్చుంటే సాయంత్రం ఇద్దరం లేవదీయాల్సి వచ్చేది. చక్రధరరావు గారి కుడిచెయ్యి మోచేతి దగ్గర బిగుసుకుపోయింది. సంతకం పెట్టాలంటే ఆయన పెన్ను నిటారుగా పట్టుకుని కూర్చునేవారు, మేమే ఫైలుని అటూ ఇటూ జరిపి సంతకం చేయించుకునేవాళ్లం. ఇలా ప్రతి ఆఫీసులోనూ జరిగి ఉంటుంది, ఎందుకంటే ఫిబ్రవరి మొదట్లో మూడో సర్క్యులర్ వచ్చింది. దాని పేరు 'అతివ్యాయామ నివారణ'.

చక్రధరరావు గారు మమ్మల్నందర్నీ నిలబెట్టి చదివారు. "అతివ్యాయామం క్రమశిక్షణా రాహిత్యంగా పరిగణించబడును. దాని లక్షణములు: నిరంతర అలసట, పగటినిద్ర, చిరాకు, విధుల పట్ల అనాసక్తి."

అందరం తలలు దించుకున్నాం. ఆ లక్షణాలు ఈ భవనం ప్రారంభించిన రోజు నుంచీ ఇక్కడ ఉన్నవే. ఆ రోజు రిబ్బను కత్తిరించినాయనకి కూడా ఉన్నాయి.

"కావున," అన్నారు చక్రధరరావు గారు, "ఈ కార్యాలయ సిబ్బంది యావన్మందీ అతివ్యాయామ బాధితులుగా ప్రకటించబడ్డారు. రోజుకు ఐదు గంటల నిర్బంధ విశ్రాంతి తీసుకోవలెను."

"అయితే వ్యాయామం తగ్గిస్తారాండీ?" అని ఎవరో ఆశగా అడిగారు.

"ఎట్లా తగ్గిస్తాం? మొదటి రెండు ఉత్తర్వులూ అమలులోనే ఉన్నాయి. ఇల్లు వ్యాయామానికి కేటాయించబడింది. కావున విశ్రాంతికి మిగిలింది కార్యాలయం."

పదకొండు నుంచి నాలుగు వరకూ విశ్రాంతి. పదమూడు చాపలు కొన్నాం. విశ్రాంతి రిజిస్టరు తెరిచాం. పడుకునే ముందు ఒక సంతకం, లేచాక ఒక సంతకం. నాలుగు కాకుండా లేచినవాడికి మెమో. గుమ్మానికి బోర్డు పెట్టాం: 'విశ్రాంతి జరుగుచున్నది. నిశ్శబ్దము పాటించవలెను.' కాయితాల కోసం వచ్చిన ఒక పంచాయతీ గుమస్తా ఆ బోర్డు చదివి, లోపలికి తొంగిచూసి, "ఎప్పుడూ ఉండీదే గదా, మళ్లీ బోర్డెందుకెట్టినారు?" అనుకుంటూ వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఎప్పుడూ ఉండేది వేరు, సంతకాలతో ఉండేది వేరు. ఆ తేడా బయటివాళ్లకి తెలిసి చావదు.

అసలు చిక్కు పైడయ్య దగ్గర వచ్చింది. మూడో సర్క్యులర్‌తో వచ్చిన ఫారంలో తొమ్మిదో గడి 'ఇతర శారీరక శ్రమ'. అందరం 'లేదు' అని రాశాం. పైడయ్య అబద్ధం ఆడడు. రోజుకి నలభై కట్టలు, కట్ట పద్దెనిమిది కిలోలు, ఇరవై రెండేళ్ల నుంచి అని నాచేత రాయించాడు. చక్రధరరావు గారు లెక్క వేసుకుని కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

"రోజుకి ఏడువందల ఇరవై కిలోలు! అనుమతి లేకుండా! ఇరవై రెండు సంవత్సరాల పాటు అతివ్యాయామం!"

"అది మొయ్యడం గదండీ బావూ," అన్నాడు పైడయ్య అయోమయంగా. "నాకు జీతమిచ్చీది అందుకే గదా?"

"ఇంటి వద్ద చేయలేదు కనుక అది వ్యాయామంగా లెక్కకు రాదు. శ్రమ కనుక అతివ్యాయామంగా మాత్రం లెక్కకు వస్తుంది. రెండు దినముల శ్రమకు ఒక దినము చొప్పున మీకు బకాయిపడిన విశ్రాంతి పదకొండు సంవత్సరాలు. మీ సర్వీసు ఎంత మిగిలింది?"

"ఆరేళ్లండి."

"అయితే ఆరేళ్లు ఇక్కడ విశ్రమించండి. మిగిలిన ఐదేళ్లు పదవీ విరమణ అనంతరం ఇంటి వద్ద పూర్తి చేసి ధ్రువపత్రం సమర్పించండి. ఈలోగా మీరు ఒక్క కట్ట తాకినా ఉద్యోగం ఉండదు."

గోదాము తాళం నా చేతికి వచ్చింది. పైడయ్య చాపమీద పడుకుని, పైకప్పుకేసి చూస్తూ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఛాతీమీద ఒకసారి, పక్కన ఒకసారి పెట్టుకునేవాడు. వాణ్ణి చూస్తే నాకు నిజంగా బాధేసేది.

ఫిబ్రవరి చివరి వారం, గురువారం ఉదయం పదింటికి దేవరవలస హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలు హేమసుందరి గారు ఆటోలో వచ్చారు. సన్నగా, పొట్టిగా ఉంటారు. గొంతు మాత్రం ప్రార్థన మైదానం చివరిదాకా వినబడేలా ఉంటుంది.

"సోమవారం నుంచి టెన్త్ పిల్లలకి ప్రీ ఫైనల్ పరీక్షలండి. తొంభై నాలుగు మంది. ఒక్కొక్కరికి ఆరు పేపర్లు. ప్రశ్నపత్రాలు వచ్చేశాయి, జవాబు పుస్తకాలు రాలేదు."

"తెల్లకాయితాలమీద రాయించెయ్యకూడదాండీ?"

"మీ ఆఫీసు ముద్ర ఉన్న పుస్తకం కాకపోతే దిద్దొద్దని మీరే రాశారు కదండీ! ఈ పరీక్ష రాయనివాళ్లకి హాల్ టికెట్టు ఇవ్వొద్దని ఇంకెవరో రాశారు. నా పిల్లలకి ఏడాది పోతుంది."

మూడు కట్టలు. కట్టకి రెండువందల పుస్తకాలు, మూడు కట్టలైతే చాలు. మంజూరు కాయితం సిద్ధంచేసి, చక్రధరరావు గారి పెన్ను కింద అటూ ఇటూ జరిపి సంతకం కూడా చేయించాను. ఇక మిగిలింది మూడు కట్టలు గోదాములోంచి ఆటోలోకి పెట్టడం. ఎవరు పెడతారు?

"నేను మోసుకుంటానండి," అన్నారు హేమసుందరి గారు.

"గోదాములోకి బయటివారికి ప్రవేశం నిషిద్ధం," అన్నారు చక్రధరరావు గారు.

"ఆటో అబ్బాయి?"

"అతను మరింత బయటివాడు."

"మీవాళ్లు?"

"మా సిబ్బంది అతివ్యాయామ బాధితులు. కార్యాలయ ఆవరణలో బరువెత్తరాదు."

"ఇంటి దగ్గర రోజూ ఎత్తుతున్నారట కదండీ?"

"అది ఉత్తర్వుల ప్రకారం," అన్నారాయన సౌమ్యంగా.

ఆవిడ మర్నాడు మళ్లీ వస్తానని వెళ్లారు. శనివారం, ఆదివారం సెలవు. శుక్రవారం కట్టలు కదలకపోతే ఇక కదలవు. నేను సాయంత్రం నాలుగింటికి లేచి సంతకం పెట్టి, ఇంటికెళ్లకుండా కూర్చుని, సర్క్యులర్లు మూడూ ముందు పెట్టుకుని నోట్ రాశాను. ఉక్కుపిడికిలి ప్రకారం ఏదేని బరువైన వస్తువుతో వ్యాయామం చేయవచ్చును గనుక, జవాబు పుస్తకాల కట్టలను వ్యాయామ పరికరాలుగా ప్రకటించి, శుక్రవారం ఒక్క రోజుకి గోదామును ఇల్లుగా భావించి, సిబ్బంది వాటిని ఎత్తుటకు అనుమతించవచ్చునేమో పరిశీలించగలరు. నా సర్వీసులో అంత అందమైన నోట్ నేను రాయలేదు.

శుక్రవారం పొద్దున్నే ఫైలు తిరిగొచ్చింది. 'ఆమోదించడమైనది' అని ఉంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కింద ఇంకో వాక్యం ఉంది. 'అయితే వ్యాయామ నియమముల ప్రకారం ఎత్తిన బరువును ఎత్తిన చోటే దించవలెను.'

పదిన్నరకి అందరం గోదాములో వరుసగా నిలబడ్డాం. ఆటో గుమ్మం బయట ఆగి ఉంది. హేమసుందరి గారు గడప అవతల నిలబడి, చేతులు జోడించి "చాలా థాంక్సండీ" అన్నారు. చక్రధరరావు గారు ఈల ఊదారు. మొదటి జట్టు కట్టని గుండెలదాకా ఎత్తింది. ఆవిడ ఆటో వైపు చెయ్యి చూపించారు. కట్ట కిందకి దిగింది. మళ్లీ ఎత్తారు. మళ్లీ దించారు. "పన్నెండు చొప్పున మూడు విడతలు!" అని అరిచారు చక్రధరరావు గారు. ఆయన వంతు కూడా ఆయన చేశారు, మోచెయ్యి వంగదు కాబట్టి కట్టని కౌగిలించుకుని. అలా ఒక్కో కట్టా ముప్ఫై ఆరుసార్లు లేచి, ముప్ఫై ఆరుసార్లూ ఉన్నచోటే కూర్చుంది. వీడియో తీశాం. పై ఆఫీసు నుంచి బొటనవేలి బొమ్మ కూడా వచ్చింది.

"ఏటండీ ఈ భాగోతం!" హేమసుందరి గారి గొంతుకి గోదాములో పావురాలు లేచిపోయాయి. "అన్నిసార్లు ఎత్తారు కదా, ముప్ఫై ఏడోసారి ఎత్తి ఈ ఆటోలో పడెయ్యడానికి మీకేం వచ్చింది?"

"అప్పుడది రవాణా అవుతుంది మేడమ్," అన్నారు చక్రధరరావు గారు చెమట తుడుచుకుంటూ. "రవాణాకు ఉత్తర్వులు లేవు. పదకొండైంది. విశ్రాంతి!"

అందరం హాల్లోకి వెళ్లి సంతకాలు పెట్టి పడుకున్నాం. కిటికీలోంచి చూస్తే ఆవిడ గోదాము గడపమీద కూర్చుని ఉన్నారు. అరవడం లేదు. చేతిసంచీ లోంచి పిల్లల పేర్ల లిస్టు తీసి ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నారు. అరిచి ఉంటే నేను పడుకునేవాణ్ణి. ఆవిడ అలా కూర్చుంటే నాకు సిగ్గేసింది. ఛీ, ఇదేం బతుకురా ఉమాకాంతం అనుకుని లేచాను.

"పదకొండుంబావుకే లేచారేమిటి?" పక్క చాపమీంచి చక్రధరరావు గారు కన్ను తెరిచారు. "ఎక్కడికి?"

"రవాణాకండి."

గోదాము తాళం తీసి మొదటి కట్ట దగ్గర వంగాను. పొత్రం ఎత్తిన చేతులే, అయినా అడుగు తీసి అడుగు వేసేసరికి ప్రాణం మీదికి వచ్చింది. ఎత్తడం వేరు, మొయ్యడం వేరు. హాలు గుమ్మంలోంచి పైడయ్య గొంతు వినిపించింది. చాపమీదే ఉన్నాడు, తల మాత్రం పైకెత్తాడు.

"నడుం కాదు బావూ, మోకాళ్లు ఒంచండి! కట్టని పొట్టకి ఆనించీయండి! ఊపిరి ఒగ్గకండి!"

"ఉమాకాంతం గారూ! దించండి!" చక్రధరరావు గారు పడుకునే అరుస్తున్నారు. "ఎత్తిన చోటే దించండి! మీ పదోన్నతి ఫైలు నా బల్లమీదే ఉంది!"

"లేచొచ్చి ఆపండి సార్!"

"నాలుగింటిదాకా లేవకూడదయ్యా!" అన్నారాయన. ఆయన అంత మామూలు తెలుగులో మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

మొదటి కట్ట ఆటోలో పడింది. రెండోది సగం ఈడ్చి, సగం మోసి చేర్చాను. మూడోదానికి నా కాళ్లు వణికిపోతున్నాయి. పైడయ్య లేచి కూర్చున్నాడు.

"ఒక్క కట్ట నాకొగ్గీండి బావూ. మీ కాళ్లకి దండమెడతాను. పిల్లల పరీచ్చలు గదా."

"పడుకోరా నువ్వు! తాకావంటే ఉద్యోగం పోతుంది. నీకు ముగ్గురు పిల్లలు." వాడి మీద అంత గట్టిగా ఎప్పుడూ కేకలెయ్యలేదు. వాడు కళ్లు తుడుచుకుని మళ్లీ పడుకున్నాడు, పడుకునే "కుడికాలు ముందెయ్యండి, ఆ, అలాగే, ఎడమ" అంటూ నన్ను నడిపించాడు. గడప దాకా తెచ్చాను. అక్కడ గడప అవతల నుంచి హేమసుందరి గారు రెండో కొస పట్టుకున్నారు. లోపల అడుగు పెట్టలేదు, రూలు రూలే. ఇద్దరం కలిసి ఆటోలోకి తోశాం. ఆవిడ నా మొహం చూసి, తన మంచినీళ్ల సీసా నా చేతిలో పెట్టి, రసీదుమీద సంతకం చేసి ఆటో ఎక్కారు. వెనక్కి చూస్తే హాల్లో మిగతా పదిమందీ చాపలమీద తలలెత్తి చూస్తున్నారు. ఒకడు పడుకునే చప్పట్లు కొట్టాడు.

సోమవారం పొద్దున తొమ్మిదీ నలభై అయిదుకి ఆవిడ ఫోన్ చేశారు. "బెల్లు కొట్టామండి. తొంభై నాలుగు మందీ రాస్తున్నారు," అని పెట్టేశారు.

పదింటికి నాకు అభియోగపత్రం చేతికిచ్చారు. నాలుగు పేజీలు. పదోన్నతి నిలుపుదల చేయడమైనది అని మొదటి పేజీలోనే ఉంది. ఇంటికి తీసుకెళ్లి విశాలాక్షికి చదివి వినిపించాను. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ, "అసలు మీమీద నేరమేమిటిట?" అంది.

చివరి పేజీ తీశాను. "'సదరు ఉద్యోగి నిర్ణీత విశ్రాంతి సమయమందు, ఎట్టి వ్యాయామ ఉద్దేశమూ లేకుండా, ప్రజావసరార్థం మూడు కట్టలను ఒక చోటు నుండి మరొక చోటికి చేర్చి, తద్వారా కార్యాలయ విధి నిర్వర్తించినట్లు ప్రాథమికముగా రుజువైనది.'"

కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "మళ్లీ చదవండి," అంది. చదివాను.

ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో నేను పని చేశానని ప్రభుత్వం సంతకం పెట్టి ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమన్నారు. ఏడు రోజులెందుకని ఆ పూటే రాసేశాను: 'అభియోగం అక్షరాలా నిజం.'